మా రాతి గొడ్ల చావిడిని కూల్చేలోపు ఒకసారి వచ్చి గీసి పెట్టండి

విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ విద్యార్థులకు, గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల కాలేజీల్లో ఆర్కిటెక్చర్ చదువుతున్న పిల్లలందరికీ, వాళ్లకు పాఠాలు చెప్పే మాస్టార్లకు, మేడమ్‌లకు నమస్కారం.

నేను గుంటూరులో ఉంటాను. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా పుట్టిల్లు పల్నాడులో, పిడుగురాళ్ల దాటాక లోపలికి వెళ్లే ఒక ఊళ్లో ఉంది. 2022 దాకా అదీ గుంటూరు జిల్లానే. అక్కడ మాకొక రాతి గొడ్ల చావిడి ఉంది. ఉంది అంటున్నాను గానీ ఇప్పుడు మిగిలింది సగమే. మా పెదనాన్నగారి వాటాకి వెళ్లిన సగాన్ని పోయిన వేసవిలో జేసీబీ పెట్టి తీసేశారు. పొద్దున ఎనిమిదింటికి మొదలుపెడితే మధ్యాహ్నం భోజనాల వేళకి నేల మట్టం అయిపోయింది. రాళ్లు ట్రాక్టర్లకెత్తి అమ్మేశారు. మిగిలిన సగం మా తమ్ముడిది. సంక్రాంతి వెళ్లాక దాన్నీ తీసేస్తానంటున్నాడు.

వాడిని తప్పుపట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. చావిడి వాకిలి వెడల్పు నాలుగున్నర అడుగులు. ఒక ఎద్దు తల తిప్పుకుని బయటికి రావడానికి సరిపోయే కొలత అది, ట్రాక్టర్ పట్టదు. చివరి జత ఎడ్లను అమ్మి ఎనిమిదేళ్లయింది. మిర్చి కోతల సమయంలో బస్తాలకి నీడ లేక మా తమ్ముడు పట్టాలు కప్పుకుని రాత్రిళ్లు మబ్బు వంక చూస్తూ కూర్చుంటాడు. ఆ టెన్షన్ పడేవాడికి ఆ జాగా కావాలి. కట్టడాన్ని అట్టే పెట్టి కాపాడమని వాడికి చెప్పే హక్కు నాకు లేదు, ఖర్చు భరించే స్తోమతా లేదు.

నేను మిమ్మల్ని అడిగేది ఒక్కటే. అది కూలేలోపు వచ్చి కొలవండి. కాగితం మీద గీయండి. దాన్ని వాడినవాళ్లు ఇంకా ఊళ్లో ఉన్నారు, వాళ్లు చెప్పేది ఆ గీతల పక్కనే రాసి పెట్టండి.

కాలేజీల్లో మీకు మెజర్డ్ డ్రాయింగ్ అని ఒక పని ఉంటుందని మా స్కూల్లో చదివి మీ దగ్గర చేరిన ఒక అమ్మాయి చెప్పింది. పాత కట్టడాన్ని టేపు పెట్టి కొలిచి, ఉన్నదున్నట్టు గీయడం. గుడి గోపురాలనీ, కోట బురుజులనీ, జమీందారుల మేడలనీ గీస్తామంది. గొడ్ల చావిడి ఎవరైనా గీశారా అని అడిగితే నవ్వింది. పాపం, ఎగతాళిగా నవ్వలేదు. ఆ ఆలోచన తనకెప్పుడూ రాలేదు, అంతే. నాకు మాత్రం ఎప్పుడొచ్చింది? జేసీబీ వచ్చి వెళ్లాక వచ్చింది. మొదటి సగాన్ని ఒక్క కొలత కూడా తీసుకోకుండా పోగొట్టుకున్న బాధ ఇంకా ఉంది.

కూల్చిన మూడో రోజు నేను ఊరెళ్లాను. జేసీబీ గోడని మధ్యకి విరిచేసింది. ఆ తెగిన చోట నిలబడితే గోడ లోపల ఏముందో పైనుంచి కింద దాకా కనబడుతోంది. యాభై ఏళ్లుగా బయటి ముఖమే చూశాను, కడుపు చూడటం అదే మొదటిసారి. గోడ మందం రెండుంపావు అడుగులు. అది ఒకే గోడ కాదు, రెండు. బయట ఒక వరస, లోపల ఒక వరస, నడుమ చిల్లరాళ్లు కలిపిన మట్టి. ఆ రెండు వరసలూ విడిపోకుండా అక్కడక్కడా ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా పట్టే పొడుగు రాయి అడ్డంగా వేశారు. కింది అడుగులో అలాంటి రాళ్లు దగ్గర దగ్గరగా ఉన్నాయి, పైకి వెళ్లేకొద్దీ ఎడం పెరిగింది. పెద్ద రాయి కదలకుండా దాని కింద ఒక చిన్న రాతి పెచ్చు ఆనించి ఉంది. అది వేలితో కదిపితే కదల్లేదు. ఎవరో ఒకాయన దాన్ని నాలుగైదు రకాలుగా తిప్పి చూసి, సరిగ్గా కూర్చున్నాకే చెయ్యి తీసి ఉంటాడు.

ఊళ్లో ఉండే ఒక వడ్డెర మేస్త్రిని పిలుచుకొచ్చి చూపించాను. ఆయన మాట్లాడకుండా తెగిన గోడని కాసేపు అరచేత్తో తడిమాడు. తర్వాత అన్నాడు: "రాయి వాటం చూసి పెట్టారమ్మా. గనిలో ఎట్టా పడుకుని ఉందో గోడలో కూడా అట్టానే పడుకోబెట్టారు. నిలబెడితే పొరలు లేచిపోతయ్యి." పల్నాటి నాపరాయి పొరలు పొరలుగా ఉంటుంది. పొర మీద పొర పడుకున్నంత కాలం ఎంత బరువైనా మోస్తుంది. అదే రాతిని నిలువుగా పెడితే, వానకి తడిసి ఎండకి ఎండీ పొరలు విచ్చుకుంటాయి. మా దొడ్డి ప్రహరీలో నిలువుగా పాతిన బండలు పెచ్చులు పెచ్చులుగా లేచి ఉండటం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. చావిడి గోడలో రాయి ఎందుకు అలా లేవలేదో ఆ రోజు తెలిసింది.

కొలతల సంగతి చెప్పాలి. లెక్కల టీచర్ని కాబట్టి నాకిది అన్నిటికంటే నచ్చింది. టేపు పెట్టి అడుగుల్లో కొలిస్తే అన్నీ పావులూ అరలూ ముప్పావులే వచ్చాయి. గోడ మందం రెండుంపావు. లోపలి వెడల్పు పదహారున్నర. స్తంభానికీ స్తంభానికీ మధ్య ఆరుంముప్పావు. వాకిలి నాలుగున్నర. ఎత్తు ఒక్కటే నిండు సంఖ్య, తొమ్మిది. రాత్రి భోజనం చేసి, ఆ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. మా అమ్మ పూలు మూర వేసుకుంటోంది. అప్పుడు తట్టింది. మూర అంటే అడుగున్నర. అన్నిటినీ అడుగున్నరతో భాగించాను. గోడ మందం మూరన్నర. ఎత్తు ఆరు మూరలు. లోపలి వెడల్పు పదకొండు మూరలు. స్తంభాల ఎడం నాలుగున్నర మూరలు. వాకిలి మూడు మూరలు. గొడ్లకి మేత వేసే గాడి ఎత్తు మళ్లీ మూరన్నరే. కట్టినాయన దగ్గర టేపు లేదు, మోచెయ్యి ఉంది. లేదా మోచేతి కొలత గీసిన కర్ర ఉండి ఉంటుంది. మా తాతయ్య 1908లో పుట్టారు, ఆయన పుట్టేనాటికే ఈ చావిడి ఉందని మా నాయనమ్మ చెప్పేది. అంటే ఒక మనిషి మోచెయ్యి నూరేళ్లకు పైగా ఆ గోడలో ఉంది.

నాలుగున్నర మూరల ఎడం ఎందుకో కూడా తెలిసింది. ఒంగోలు జాతి ఎడ్ల జత పక్కపక్కన నిలబడితే పట్టే చోటది. చావిడి లోపల రెండు వరసల రాతి స్తంభాలున్నాయి. వెనక గోడని ఆనుకుని గాడి. మొదటి వరసలో రెండు స్తంభాల మధ్య ఒక జత. అలా మిగిలిన సగంలో నాలుగు జతల చోటుంది. స్తంభాల మీద రాతి దూలాలు, వాటి మీద ఈ చివర నుంచి ఆ చివరకి బండలు. రాయి నెత్తిన బరువు పెడితే ఎంతైనా మోస్తుంది గానీ, నడుమ వంగమంటే విరుగుతుంది. అందుకే ఇంత దగ్గర దగ్గరగా స్తంభాలు పెట్టాల్సి వచ్చింది. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండంగుళాల మందం ఉన్న ఒక్క బండ దాదాపు 150 కిలోలు తూగుతుంది. క్రేన్ లేని రోజుల్లో దాన్ని తొమ్మిదడుగుల పైకి చేర్చారు. మిగిలిన వెనక గోడ ముప్పై రెండడుగుల పొడవుంది. నడుమ మట్టిని తీసేసి తక్కువలో తక్కువ లెక్క వేసినా, అందులో రాయి ఒక్కటే 30 టన్నులుంటుంది. అంతా సుత్తి, ఉలి, సమ్మెట, గడ్డపలుగు, భుజాల మీద జరిగిన పని. గుళ్లకి కట్టించిన రాజుల పేర్లు తెలుసు మనకి. ఈ రాళ్లు కొట్టిన వడ్డెర కుటుంబాల పేర్లు మా ఇంట్లో ఎవరూ చెప్పుకోలేదు. మీరు గీసే బొమ్మ కింద కనీసం 'కట్టినవారు వడ్డెరలు' అని రాయండి.

వేసవి సంగతి మీకు వేరే చెప్పనక్కర్లేదు. రెంటచింతల ఎండల వార్త ప్రతి మే నెలలో చదువుతూనే ఉంటారు. అదే ఎండ మాకూ. మా చావిడి పడమటి గోడకి ఒక్క సందు కూడా లేదు. వడగాలి వచ్చేది అటు నుంచే. తూర్పునా ఉత్తరానా గోడ పైభాగంలో జానెడు వెడల్పున్న నిలువు సందులున్నాయి. బయట సన్నగా, లోపలికి వచ్చేసరికి వెడల్పుగా ఉంటాయి. కప్పు బండల మీద జానెడు మందాన మన్ను పోసి దిమ్మిస కొట్టారు. నేను మే నెల మధ్యాహ్నం రెండింటప్పుడు వాకిలి దాటి లోపలికి అడుగుపెట్టాను. వెలుతురుకి అలవాటుపడిన కళ్లకి ముందు ఏమీ కనబడలేదు. కాళ్ల కింద బండ చల్లగా తగిలింది. పగటి వేడి ఆ గోడలోంచి లోపలికి దిగేసరికి రాత్రవుతుంది, అప్పటికి బయట గాలి చల్లబడుతుంది. ఇప్పుడు ఉపాధి హామీ డబ్బుతో ఊళ్లలో గోకులం షెడ్లు కడుతున్నారు. పాడి ఉన్నవాళ్లకి అవి అవసరమే, కాదనను. కానీ రేకు కింద గేదె నాలుక బయటపెట్టి రొప్పుతుంటే చూసినప్పుడు, ఆ షెడ్డు బొమ్మ గీసినవాళ్లు ఇలాంటి చావిడిలో ఒక్క మధ్యాహ్నం కూర్చుని ఉంటే బాగుండేది అనిపిస్తుంది. పడమటి వైపు మూసి, తూర్పూ ఉత్తరం తెరవడానికి ఖర్చేమీ ఎక్కువ కాదు కదా.

సున్నం గురించి కూడా ఒక మాట. గోడ బయటి ముఖాన రాళ్ల మధ్య అతుకుల్ని, అంటే దర్జుల్ని, గానుగ సున్నంతో నింపారు. ఎడ్లు తిప్పే రాతి గానుగలో నూరిన సున్నం అది. ఆ సున్నం ఎక్కడిదో కాదు, గోడలో ఉన్న నాపరాయే. బట్టీలో కాలిస్తే అందులోని బొగ్గుపులుసు గాలి (కార్బన్ డయాక్సైడ్) పోయి సున్నమవుతుంది. నీళ్లు పోసి నూరి గోడకి పెడితే, గాల్లోంచి పోయినదాన్నే మెల్లగా తిరిగి పీల్చుకుని మళ్లీ రాయి అవుతుంది. రాయికీ దర్జుకీ పుట్టిల్లు ఒకటే కాబట్టి ఒకదానితో ఒకటి సర్దుకుపోతాయి. గోడ తడిస్తే ఆ దర్జుల్లోంచే తడి బయటికి వెళ్లిపోతుంది. మా నాన్న మంచి చేద్దామనుకుని ఇరవై ఏళ్ల కిందట దక్షిణపు గోడలో నాలుగు గజాల మేర పాత సున్నం గీకేసి సిమెంటు దర్జులు పెట్టించారు. ఇప్పుడు గోడ మొత్తంలో చెమ్మ పట్టేది ఆ ముక్కే. తడి బయటికి రాలేక రాయి అంచులు పొడి పొడిగా రాలుతున్నాయి. వచ్చినప్పుడు ఆ నాలుగు గజాలూ, దాని పక్కనున్న పాత ముక్కా రెండూ చూడండి. సిమెంటు గురించీ సున్నం గురించీ ఎన్ని పేజీలు చదివినా అంత స్పష్టంగా అర్థం కాదు.

కట్టడం ఒకటే గీస్తే సరిపోదని ఎందుకంటున్నానో చెబుతాను. లోపలి నేల బండలు గాడి వైపు నుంచి నడవ వైపుకి కొంచెం వాలుగా ఉన్నాయి. నడవ అంచున బెత్తెడు లోతున ఒక కాలువ, అది తూర్పు గోడ కింద తూములోంచి బయటికి పోతుంది. ఆ బండల మీద గంట్లు కొట్టి ఉన్నాయి. బొమ్మలో ఇవన్నీ వస్తాయి. కానీ ఆ గంట్లు ఒక్క వరసలోనే ఎందుకున్నాయో బొమ్మ చెప్పదు. మా ఇంట్లో పాలేరుగా చేసిన ఒక పెద్దాయన ఉన్నారు. మేం బాబాయి అని పిలిచేవాళ్లం. ఎనభై దాటాయి, చూపు తగ్గింది గానీ మాట గట్టిగానే ఉంది. ఆయన్ని చేయి పట్టుకుని తీసుకెళ్లి అడిగాను.

"గొడ్డు లేచేటప్పుడు ఎనక కాళ్లు ఆనించేది ఆడనే గదమ్మా," అన్నారు. "గంట్లు లేకపోతే జారి తొడ ఇరుగుద్ది. ముందర గంట్లు ఉంటే మోకాళ్లు గీసుకుపోతయ్యి. అందుకని ముందర నున్నగా ఉంచారు."

కాలువ తూములోంచి వెళ్లేది పెంటకుప్ప మీదికేనట. ఎండల్లో పొలానికి పెంట తోలేటప్పుడు ఆ పక్క కుప్పకే రైతులు ఎగబడేవాళ్లట, బలం ఎక్కువని. సాయంత్రం వేపమండలతో పొగ ఎక్కడ వేసేవారో, ఆ పొగ ఏ సందులోంచి పోయేదో చూపించారు. ఆ సందు పైన బండ ఇంకా నల్లగా ఉంది. జొన్న చొప్ప ఎటు పెట్టేవారో, పచ్చి పిల్లిపెసర ఎటు పెట్టేవారో, ఈనడానికొచ్చిన ఆవుని ఏ మూల కట్టేవారో అన్నీ చెప్పారు. మూడో స్తంభం దగ్గరికి వచ్చేసరికి ఆగి, చేత్తో వెతికి, ఒక గీత మీద వేలు పెట్టారు. పలుపు, అంటే గొడ్డుని కట్టే తాడు, రాసుకుని రాసుకుని రాతిలో పడిన గీత అది, చిటికెన వేలు పట్టేంత లోతు. "ఇది పొగరుబోతు గొడ్డు కట్టే రాయి," అన్నారు. మిగతా స్తంభాల మీద గీతలు పైపైనే ఉన్నాయి. ఆ ఒక్కదాని మీదే అంత లోతు.

ఇవన్నీ ఆయన పోతే పోతాయి. గోడ కూలితే ఆయనకి కూడా చూపించడానికి చోటుండదు.

మీలో కొందరికి ఇదంతా ఒక పల్లెటూరి ఇంటి గోల అనిపించవచ్చు. మీకు దగ్గరలోనే ఉన్న అమరావతి కథ గుర్తుచేస్తాను. అమరావతి బౌద్ధ స్తూపానికి వాడిన పాలరాతి లాంటి రాయి కూడా పల్నాటి సున్నపురాయే. దిబ్బగా మారిన ఆ స్తూపాన్ని 1790ల చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారి మనుషులు కొత్త ఊరు కట్టడానికి రాళ్ల కోసం తవ్వారు. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో మళ్లీ వచ్చేసరికి చాలా రాళ్లు చెదిరిపోయి ఉన్నాయి. ఆయన ఊరుకోలేదు. తన చిత్రకారుల్ని కూర్చోబెట్టి, మిగిలిన రాళ్లని ఒక్కొక్కటీ కొలిచి గీయించాడు. ఆ తర్వాత కూడా ఎన్నో ఫలకాలు పోయాయి. కొన్ని సున్నం కోసం కాల్చేశారు. అలా పోయినవాటిలో కొన్ని ఎలా ఉండేవో మనకి తెలుస్తోందంటే, ఆ బొమ్మలు ఉండబట్టే. చావిడిని నేను స్తూపంతో పోల్చడం లేదు. గీసి పెట్టడం వల్ల ఏం మిగులుతుందో చెబుతున్నాను. నాగార్జునసాగర్ కట్టేటప్పుడు 1954 నుంచి 1960 దాకా, మునిగిపోబోయే నాగార్జునకొండ లోయంతా తవ్వి, కొలిచి, అక్కడి బౌద్ధ విహారాల్లాంటి ముఖ్యమైన కట్టడాల్ని విప్పి, కొండ మీద తిరిగి కట్టారు. ఆ సాగర్ నీళ్లే 1967లో కుడికాలువలో పారి మా పొలాల్ని మార్చాయి. జొన్న చేలు తగ్గాయి. వరి వచ్చింది, పత్తి వచ్చింది, మిర్చి వచ్చింది, వెనకే ట్రాక్టర్లొచ్చాయి. ఎడ్లు వెళ్లిపోయాయి. బౌద్ధుల విహారాలకి ఒక పటం మిగిలింది. ఆ నీళ్ల వల్ల ఖాళీ అయిన చావిళ్లకి ఎవరూ పటం గీయలేదు.

పాత కట్టడాల సంగతి చూసే ఒక ఆఫీసుకి వెళ్లి అడిగి చూశాను. గుడా, శాసనం ఉందా, రాజులెవరైనా కట్టించారా అన్నారు. లేదన్నాను. అయితే మా పరిధిలోకి రాదమ్మా అన్నారు. వాళ్ల నియమాలు వాళ్లకున్నాయి. అందుకే మీకు రాస్తున్నాను. మీకు టేపు పట్టుకుని రావడానికి ఏ నోటిఫికేషనూ అక్కర్లేదు.

మాస్టార్లకు ఒక విన్నపం. ఏడాదికి ఒక్క బ్యాచ్‌ని పల్నాడు పంపండి. మా ఊళ్లోనే ఇలాంటివి ఇంకా నాలుగున్నాయి. ఒకదానికి కప్పు లేదు, రెండింటిలో కట్టెలూ మోటారు పైపులూ వేశారు, ఒకదాంట్లో ఇప్పటికీ రెండు గేదెలున్నాయి. చుట్టుపక్కల ఊళ్లలోనూ మీ పిల్లలకి దొరుకుతాయి. గీసిన బొమ్మల కాపీ ఒకటి ఆ ఊరి హైస్కూల్లో ఇవ్వండి. అక్కడి పిల్లలకి మూర లెక్క నేర్పించడానికి అంతకంటే మంచి పాఠం నాకు దొరకదు. రాసేటప్పుడు గాడి, పలుపు, తూము, దర్జు లాంటి మాటల్ని ఇంగ్లీషులోకి మార్చకుండా, ఊళ్లో ఎలా అంటారో అలాగే రాయండి. దూరపు కాలేజీ నుంచి ఇంకో పిల్ల ఆ బొమ్మ పట్టుకుని మా ఊరొచ్చి అడిగితే, జనానికి అర్థం కావాలి.

మా తమ్ముడితో మాట్లాడాను. మీరొస్తానంటే సంక్రాంతి తర్వాత ఇంకో నెల ఆగుతానన్నాడు. తెగిన గోడ మీద వాన పడకుండా పట్టా కప్పించాం, గాలి వీస్తే అది లేచిపోతోంది కాబట్టి ఎంత తొందరగా వస్తే అంత మంచిది. విజయవాడ నుంచి తెల్లవారుజామున బయల్దేరండి. ఇంట్లో మా అమ్మ ఉంటుంది, టిఫిన్, భోజనం సంగతి చూసుకుంటుంది. కప్పు ఎక్కడానికి నిచ్చెన ఉంది. దక్షిణపు మూల బండ ఒకటి పగిలింది, దాని మీద మాత్రం అడుగు పెట్టకండి. బాబాయి మధ్యాహ్నం పూట పడుకుంటారు, ఆయనతో మాట్లాడాలంటే పదకొండు లోపు కూర్చోబెట్టుకోండి. టార్చిలైటు తెచ్చుకోండి. మూడో స్తంభం మీది గీత లోతు కొలవడానికి నా దగ్గరున్న స్కేలు పట్టలేదు, సన్నటిది ఏదైనా ఉంటే అది కూడా తీసుకురండి.

ఇట్లు,
గుంటూరు నుంచి
ఒక లెక్కల టీచర్